బెనె ఇజ్రాయేల్ వంటిల్లు: చిక్ హల్వా, మలిద, ద్రాక్ష షర్బత్ (కొలతలు, ఎక్కడ చెడుతుంది)

కొత్తకుండ:
కొంకణ్ యూదులు, అంటే బెనె ఇజ్రాయేల్ వాళ్లు, రోష్ హషానాకి (యూదుల కొత్త సంవత్సరానికి) చేసే చిక్ హల్వా కొలతలు కావాలి. దొరికే కొలతలు ఒకదానికొకటి పొంతన లేవు. ఒకచోట కార్న్‌ఫ్లోర్, ఒకచోట చైనా గ్రాస్, ఇంకోచోట ఏకంగా నెయ్యి. కొబ్బరిపాలతో చేస్తే ముక్క నిలవడం లేదు, జావలాగే ఉండిపోతోంది. లోపం ఎక్కడ? ఆవుపాలు పోస్తే గట్టిపడుతుందా?

రాగిడేగిశా:
ముందు ఆఖరి ప్రశ్న. ఆవుపాలు వద్దు, నెయ్యి అసలే వద్దు. గట్టిపడటానికీ దానికీ సంబంధం లేదు, పైగా అది చిక్ హల్వా కాకుండా పోతుంది. పండుగ భోజనంలో మాంసం ఉంటుంది. మేకపిల్లను తల్లిపాలతో వండకూడదన్న మాట తోరాలో, అంటే యూదుల ధర్మగ్రంథంలో, మూడు చోట్ల ఉంది. దాని మీదే మాంసం, పాలు కలవకూడదన్న కట్టుబాటంతా నిలిచింది. మాంసం తిన్నాక పాలు ముట్టడానికి చాలామంది 6 గంటలు ఆగుతారు. మటన్ కూర తిన్న విస్తరి ముందే తీపి కూడా వడ్డించాలంటే ఆ తీపిలో పాలచుక్క ఉండకూడదు. కొంకణ తీరంలో కొబ్బరికాయకి కొదవ లేదు కాబట్టి కొబ్బరిపాలే దారి. ఈ వంటింట్లో తీపి వంటకాలు చాలావరకు ఈ ఒక్క లెక్క మీదే నడుస్తాయి.

ఇక హల్వా. చిక్ అంటే మరాఠీలో పాలలాంటి చిక్కటి రసం. మన మాటలో గోధుమపాలు. మాడుగుల హల్వా తెలిసినవాళ్లకి సగం పని తెలిసినట్టే, గోధుమలు నానబెట్టి పాలు తీసేదాకా దారి ఒకటే. అక్కడ నెయ్యి, ఇక్కడ కొబ్బరిపాలు.

గోధుమలు 1 కిలో, నీళ్లలో 3 రోజులు. రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చాలి, వేసవిలో అయితే మూడుసార్లు. గింజ వేళ్ల మధ్య నలిపితే తెల్లటి పాలు చిమ్మాలి, అప్పుడు రుబ్బాలి. పలచటి గుడ్డలో పిండి, పిప్పిని మళ్లీ నీళ్లతో రుబ్బి ఇంకో రెండుసార్లు పిండాలి. ఆ పాలు కదపకుండా రాత్రంతా ఉంచితే చిక్ అడుగున సున్నంలా పేరుకుంటుంది. పైన పసుపుపచ్చటి తేట, దానికింద బూడిదరంగు జిగురు పొర. తేట వంచేశాక ఆ జిగురు పొరని కూడా గరిటెతో గీకి పారేయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఆ పొర కలిస్తే హల్వా మట్టిరంగుకి తిరుగుతుంది, పులుపు వాసన వస్తుంది, నోట్లో సాగుతుంది.

అడుగున మిగిలింది ఎండబెడితే 350 నుంచి 400 గ్రాములు వస్తే బాగా వచ్చినట్టే.

ఒక పళ్లేనికి:
ఎండిన చిక్ 250 గ్రాములు
కొబ్బరిపాలు 2 లీటర్లు (3 పెద్ద కాయలవి, మొదటి పాలు, రెండో పాలు కలిపి)
పంచదార 500 గ్రాములు
ఉప్పు రెండు చిటికెలు, యాలకులు 8, జాజికాయ పావు ముక్క
బాదం, పిస్తా పలుకులు పైన చల్లడానికి

చిక్‌ని చల్లటి కొబ్బరిపాలలోనే కలిపి వడకట్టండి. వేడి పాలలో వేస్తే ఉండలు కట్టి, ఎంత కలిపినా విడవవు. తర్వాత దళసరి గిన్నె, మధ్యస్థం మంట, చేయి ఆపకుండా తిప్పడం.

పాకశాస్త్రి:
రాగిడేగిశా గారు చెప్పిన కొలతలు సరే. ముక్క నిలవకపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి.

ఒకటి, పంచదార మొదట్లోనే పోయడం. పంచదార నీటిని తనవైపు లాక్కుంటుంది, పిండి రేణువు ఉబ్బడానికి కావలసిన నీరు అందదు. అందుకని చిక్, కొబ్బరిపాలు బాగా చిక్కబడి, మొదటి పెద్ద బుడగలు 'బుడుక్' మన్న తర్వాత పంచదార వేయాలి. వేయగానే మళ్లీ పలచబడుతుంది. అది చూసి భయపడి ఇంకాస్త పిండి కలిపేస్తారు. వద్దు. ఆ పలచదనం పది పదిహేను నిమిషాల్లో పోతుంది.

రెండు, చిక్కబడింది కదా అని దించేయడం. ఇదే అసలు జబ్బు. వేడిగా ఉన్నప్పుడు చిక్కగా కనిపించడం వేరు, చల్లారి ముక్కగా నిలవడం వేరు. రెండు లీటర్లకి గంట నుంచి గంటంపావు పడుతుంది. గుర్తులు ఇవి: మిశ్రమం గిన్నె అంచులు వదిలి ఒక ముద్దలా గరిటె వెంట తిరగాలి. మెరుపు రావాలి. అంచుల్లో కొబ్బరి నూనె సన్నగా ఊరాలి. చల్లటి పళ్లెంలో అరచెంచా వేసి రెండు నిమిషాలు ఆగి వేలితో తోస్తే, వేలికి అంటకుండా మొత్తం ముద్ద జరగాలి. వేలిముద్ర పడి అలాగే ఉంటే ఇంకా ఉడకాలి.

మూడు, నిమ్మరసం. పంచదార గడ్డకట్టకుండా పాకంలో నిమ్మరసం పిండే అలవాటు ఇక్కడికి తేకండి. పులుపు తగిలితే ఉడుకుతున్న పిండి విరిగి పలచబడుతుంది. మూడురోజులు నానిన గోధుమలు మరీ పులిసినా ఇదే ఫలితం.

పళ్లెంలో పోశాక అంగుళం మందం, 6 నుంచి 8 గంటలు. వేడిగా ఉండగా ఫ్రిజ్‌లో పెడితే పైన చెమటపట్టి ముక్క జిగురుగా తయారవుతుంది.

కొత్తకుండ:
పంచదార ముందే పోస్తున్నారు, గంట ఉడకడం కూడా లేదు. అర్థమైంది. చైనా గ్రాస్ సంగతేమిటి? కొబ్బరిపాలు ప్యాకెట్‌వి వాడొచ్చా?

రాగిడేగిశా:
ప్యాకెట్ పాలకంటే ముందు కొబ్బరిపాల పొడి గురించి చెప్పాలి. పొడి పాకెట్లలో చాలావాటిలో సోడియం కేసినేట్ ఉంటుంది. అది పాలనుంచి తీసిన మాంసకృత్తు. ముందువైపు కొబ్బరిచెట్టు బొమ్మ ఉన్నా, వెనకవైపు ఆ పేరు ఉంటే మాంసంతో పనికిరాదు. ద్రవరూపంలో వచ్చే టిన్నుల్లో, డబ్బాల్లో సాధారణంగా ఉండదు, కానీ చదివే కొనాలి. డబ్బా పాలు బాగా చిక్కగా ఉంటాయి. 1 లీటరు పాలకి 1 లీటరు నీళ్లు కలపండి. లేకపోతే నూనె ఎక్కువై హల్వా పైన తెల్లగా గడ్డకడుతుంది.

గిన్నె కూడా చూసుకోవాలి. నెయ్యి మిఠాయిలు చేసే గిన్నెలో ఇది వండితే మాంసం భోజనానికి పనికిరాదు. గరిటె కూడా అంతే.

రంగు విషయం. గులాబీ రంగు వేసే ఆనవాయితీ ఉంది. ఎర్రరంగుల్లో ఇ 120 అనేది పురుగులనుంచి తీసేది, కోషర్ కాదు, అంటే యూదుల ఆహార నియమాలకి సరిపడదు. సీసా మీద అంకె చూసుకోండి. అసలు రంగే లేకుండా మీగడరంగులో ఉన్న హల్వాయే బాగుంటుందని నా పట్టుదల.

పాకశాస్త్రి:
చైనా గ్రాస్ సముద్రపు నాచు, కాబట్టి కట్టుబాటు వైపునుంచి ఇబ్బంది లేదు. జెలటిన్‌తోనే తంటా, అది జంతువుల ఎముకలు, తోలు. రెండూ ఒకటే అనుకుని ఒకదాని బదులు ఇంకోటి వాడేవాళ్లున్నారు.

చిక్ తీసే ఓపిక లేనప్పుడు: కార్న్‌ఫ్లోర్ 150 గ్రాములు, చైనా గ్రాస్ 10 గ్రాములు, కొబ్బరిపాలు 2 లీటర్లు, పంచదార 500. గ్రాస్‌ని అరగంట నానబెట్టి, విడిగా నీళ్లలో మరిగించి పూర్తిగా కరిగించాకే, మరుగుతున్న మిశ్రమంలో పోయాలి. చల్లటిదాంట్లో పోస్తే దారాల్లా గడ్డకడుతుంది. అరగంటలో పని అయిపోతుంది. తేడా నాలుకకి తెలుస్తుంది: చిక్ ముక్క మెత్తగా కరుగుతుంది, గ్రాస్ ముక్క పుటుక్కున విరుగుతుంది. మర్నాటికి అడుగున నీరు కూడా ఊరుతుంది. పండుగ రెండురోజులకీ ఒకేసారి చేసిపెట్టేవాళ్లకి ఇది సరిపోదు.

తిథివారం:
రెండురోజుల మాట వచ్చింది కాబట్టి. 2026లో రోష్ హషానా సెప్టెంబర్ 11 శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది, వాళ్ల లెక్కలో 5787 సంవత్సరం. మొదటిరోజే శనివారం, షబ్బాత్, అంటే వారపు విశ్రాంతి దినం. మామూలు పండుగరోజున ముందే వెలిగి ఉన్న మంటమీద ఆరోజుకి వంట చేసుకోవచ్చు. షబ్బాత్ రోజు అదీ లేదు. శనివారం రోజు ఆదివారానికి సిద్ధం చేయడం కూడా కుదరదు. దీపాలు సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగిస్తారు. కాబట్టి హల్వా శుక్రవారం మధ్యాహ్నానికే పళ్లెంలో పడాలి. వెనక్కి లెక్క వేస్తే గోధుమలు సోమవారం రాత్రి నానాలి, గురువారం రాత్రి రుబ్బి పాలు తేరడానికి వదలాలి. ఎండబెట్టే వ్యవధి ఉండదు, తడి చిక్‌నే తూచి వాడాలి. తడిది ఎండినదానికి దాదాపు రెట్టింపు తూగుతుంది, పాలు కాస్త తగ్గించాలి.

షబ్బాత్ పడింది కాబట్టి మొదటిరోజు షోఫార్ కొమ్ము ఊదరు, ఆదివారమే.

వాళ్ల పంచాంగం కూడా మనలాగే చాంద్రమానం, అధికమాసంతో సరిచేసుకునేది. 19 ఏళ్లలో 7 అధికమాసాలు. తేడా ఏమిటంటే మనకి అధికమాసం వేర్వేరు నెలలకి రావచ్చు, వాళ్లకి ఎప్పుడూ అదార్ నెలే రెండుసార్లు వస్తుంది, పస్కా వసంతంలోనే పడాలి కాబట్టి. అందుకే పస్కా చాలా ఏళ్లు మన చైత్ర పౌర్ణమి చుట్టుపక్కల వస్తుంది. 2026లోనూ అంతే, ఏప్రిల్ 1 సాయంత్రం.

కొంకణ్‌దారి:
అటుకులతో చేసే మలిద గురించి ఎవరూ ఎత్తలేదు. నిజానికి బెనె ఇజ్రాయేల్‌కే సొంతమైనది ఏదైనా ఉందంటే అదే. ఇతర యూదుల్లో లేదు.

ఇది పండుగ వంట కాదు, మొక్కు చెల్లింపు. పెళ్లి ముందు, సున్తీకి, గృహప్రవేశానికి, జబ్బునుంచి లేచాక, దూరప్రయాణానికి ముందు ఏలియా ప్రవక్తని తలుచుకుని చేస్తారు. వాళ్ల నోట ఎలియాహు హనబీ. రాయగడ్ జిల్లా అలీబాగ్ దగ్గర ఖండాళా ఊళ్లో ఒక రాతిమీద రథచక్రాల, గుర్రపు గిట్టల గుర్తులు ఆయనవేనని నమ్మకం. తూ బిష్వాత్, అంటే షెవాత్ నెల పౌర్ణమికి అక్కడ మలిద చేస్తారు.

పదిహేను మందికి:
దళసరి అటుకులు అరకిలో
పచ్చికొబ్బరి 1 పెద్ద కాయ
పంచదార లేదా బెల్లం 250 గ్రాములు
యాలకులు 10, జాజికాయ కొంచెం, ఉప్పు చిటికెడు
బాదం, పిస్తా, ఎండుద్రాక్ష తలా 50 గ్రాములు

అటుకుల్ని నానబెట్టకూడదు, కడగాలి. చిల్లుల గిన్నెలో వేసి రెండుసార్లు నీళ్లు పోసి వంచేసి, 15 నిమిషాలు అలాగే వదిలేయాలి. గింజ నలిపితే మధ్యలో పలుకు తగిలితే చేత్తో రెండు చిలకరింపులు, అంతే. పలచటి అటుకులు వాడితే కడగ్గానే ముద్దవుతాయి. ముందు కొబ్బరి, పంచదార, యాలకపొడి చేత్తో నలిపి, కొబ్బరి తేమకి పంచదార కరిగాక అటుకులు కలపాలి. బెల్లమైతే వడ్డనకి గంట ముందు మాత్రమే. అంతకన్నా ముందు కలిపితే నీరు ఊరి గుట్ట నిలవదు, జారుతుంది.

పెద్ద పళ్లెంలో గుట్టగా పోసి, చుట్టూ ఐదు రకాల పళ్లు. ఖర్జూరం తప్పనిసరి. మధ్యలో గులాబీ రేకులు గానీ మరువంలాంటి వాసన ఆకులు గానీ. ఆశీర్వచనాలు ఒక్కోదానికి వేరు. చెట్టుకాయలకి ఒకటి, నేలనుంచి వచ్చేవాటికి ఒకటి, సువాసనకి ఒకటి. అరటిపండు చెట్టుకాయల్లో కలపకండి. గెల వేశాక ఆ మాను చచ్చిపోతుంది, మళ్లీ కాయదు, కాబట్టి ధర్మం ప్రకారం అది నేలపంటే. ఐదు పళ్లలో ఖర్జూరం, ఆపిల్, నారింజ పెట్టి అరటి పక్కన ఉంచితే రెండు ఆశీర్వచనాలకీ సరిపోతుంది. పళ్లు పంచేముందు అందరూ కలిసి ఎలియాహు హనబీ పాట పాడతారు. 'దేవుడు నీకు ఆకాశపు మంచును ఇచ్చును గాక' అన్న ఆదికాండం 27వ అధ్యాయం ఆశీర్వాదం చదువుతారు.

పచ్చికొబ్బరి నాలుగు గంటలు దాటితే, ముఖ్యంగా ఉక్కపోతలో, పాచి వాసన కొడుతుంది. సాయంత్రం కార్యక్రమానికి పొద్దున్నే కలిపిపెట్టకండి.

కొత్తకుండ:
అటుకులు, బెల్లం, కొబ్బరి. మన కృష్ణాష్టమి ప్రసాదమే కదా!

కొంకణ్‌దారి:
సరుకు అదే, తంతు వేరు. ఆ తీరంలో ఏది పండితే దాంతోనే మొక్కు తీర్చుకున్నారు. అక్కడ వాళ్లని శనివార్ తేలీ అనేవాళ్లు, శనివారం గానుగ ఆపేసే తేలికులు అని. నవ్‌గావ్ దగ్గర ఓడ మునిగి ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు ఒడ్డుకి చేరారన్నది వాళ్ల ఐతిహ్యం. ముంబైలో వాళ్ల మొదటి ప్రార్థనామందిరం షార్ హరహమీమ్, 1796లో కట్టారు.

నల్లద్రాక్ష:
షర్బత్ సంగతి నేను చెబుతాను. శుక్రవారం రాత్రి కిద్దూష్‌కి, అంటే షబ్బాత్ మొదట్లో చదివే ఆశీర్వచనానికి, ద్రాక్షారసం కావాలి. కోషర్ ద్రాక్షారసం దొరకని చోట వాళ్లు నల్ల ఎండుద్రాక్షతో కానిచ్చారు, ఇప్పటికీ కానిస్తున్నారు.

నల్ల ఎండుద్రాక్ష 250 గ్రాములు, గోరువెచ్చటి నీళ్లతో రెండుసార్లు కడగాలి. బజారు ద్రాక్షకి నూనెపూత ఉంటుంది, కడగకపోతే షర్బత్ మీద జిడ్డు తేలుతుంది. లీటరు నీళ్లలో 12 గంటలు నానాక ఆ నీళ్లతోనే రుబ్బి గుడ్డలో గట్టిగా పిండాలి. రంగు ముదురు, రుచి చిక్కన. పంచదార అక్కర్లేదు.

తప్పు ఎక్కడంటే, ద్రాక్షని రుబ్బకుండా నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు మాత్రమే తీసుకోవడం. అది ద్రాక్షవాసన నీళ్లు. ఇంకోటి, గులకరాళ్లలా ఎండిపోయిన పాత సరుకు. నానబెట్టకముందే ద్రాక్షని నొక్కితే కాస్తయినా తడి కనిపించాలి, అప్పుడే దాని రసం ద్రాక్షారసం కింద లెక్క. పూర్తిగా ఎండినదానికి నీళ్లిచ్చి తీసింది మామూలు పానీయమే, దానిమీద కిద్దూష్ చెల్లదు. కొనేటప్పుడు రెండుగింజలు చేత్తో నలిపి చూడండి.

ఎండలకాలం ఒకరోజు ఎక్కువ ఉంచితే బుడగలొస్తాయి. అది పర్వాలేదు, ద్రాక్షారసం దారిలోనే పోతోంది. వెనిగర్ వాసన తగిలితే మాత్రం కిద్దూష్‌కి వద్దు.

అనపగింజ:
ఈ వంటల పేర్లతోనే వాళ్ల పండుగల పాత పేర్లు ఉన్నాయి, అవి భలే ఉంటాయి. హీబ్రూ పేర్లు స్థిరపడకముందు మరాఠీలో పిలుచుకున్నవి. రోష్ హషానా నవ్యాచా సణ్, అంటే కొత్త పండుగ. ఆ నెల నాలుగో రోజు ఖిరీచా సణ్, కొత్త ధాన్యంతో, కొబ్బరిపాలతో పాయసం. ప్రాయశ్చిత్త దినం తలుపులు మూసే పండుగ. మర్నాడు శిళా సణ్, మనం అనాలంటే చద్ది పండుగ, బీదలకి దానాలు. పూరీమ్ హోళీచా సణ్. పస్కాకి వచ్చేసరికి, పులుసు ఊరేసే జాడీకి మూత బిగించే పండుగ. ఎనిమిది రోజులు ఆ జాడీ ముట్టరు. పులిసినది ఇంట్లో వాడకూడదన్న నియమాన్ని ఇంత సూటిగా ఒక జాడీమీద పెట్టి చెప్పిన పేరు ఇంకోటి ఉండదేమో.

అవ్ నెల తొమ్మిదో తేదీ, యెరూషలేము ఆలయం కూలిన దుఃఖదినం, బిర్‌డ్యాచా సణ్. బిర్డే అంటే మొలకెత్తిన వాల్ గింజల కూర. వాల్ అంటే మన అనపగింజలే. చిత్తూరు వైపు పితికినపప్పు తెలిసినవాళ్లకి పని చెప్పక్కర్లేదు. 250 గ్రాములు 12 గంటలు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి ఒక రోజు మొలకకి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో అరగంట వేస్తే తోలు వదులవుతుంది, ఒక్కో గింజ పితకాలి. ఎండు వాల్‌లో చేదు ఉంటుంది, మొలక, తోలు తీయడం రెండూ కలిసి దాన్ని చంపుతాయి. మొలక తొందరపడి సగంలో ఆపితే కూర చేదు. ఉడికేటప్పుడు గరిటె పెట్టి తిప్పకూడదు, పప్పు చితికిపోతుంది. గిన్నె పట్టుకుని ఊపాలి. పులుపు కోకమ్‌తో (కొంకణ్‌లో పులుపుకి వాడే పండు), గింజ పూర్తిగా ఉడికాకే. ముందే వేస్తే గింజ బిర్రబిగుస్తుంది.

కొత్తకుండ:
గుంటూరు వైపు యూదులు వీళ్లేనా? చేబ్రోలు దగ్గర.

తిథివారం:
కాదు. కొత్తరెడ్డిపాలెం వాళ్లు బెనె ఎఫ్రాయీమ్, తెలుగువాళ్లు, ఎఫ్రాయీము గోత్రమని చెప్పుకుంటారు. చరిత్ర, వంట రెండూ వేరు. పేర్లో 'బెనె' అంటే 'కొడుకులు' అంతే, అది చూసి రెండూ కలపకండి. కొచ్చిన్ వాళ్లు మళ్లీ వేరు.

రాగిడేగిశా:
మన బజార్లో చేపల గురించి ఒక మాట, తరచూ అడుగుతారు. కోషర్ చేపకి రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి, పొలుసు చర్మం చిరక్కుండా ఊడిరావాలి. కొర్రమీను, చందువ, కానాగంతలు సరే. జెల్లలు, వాలుగ, రొయ్యలు, పీతలు కుదరవు. శుభ్రం చేసి తోలు ఒలిచిన ముక్కలు కొంటే ఏది ఏదో తెలీదు, తోలుతో ఉన్నదే అడగాలి. దావీద్ రహబీ అనే ఆయన కొంకణ్‌లో బెనె ఇజ్రాయేల్ వాళ్లని యూదులుగా గుర్తుపట్టింది చేపలతోనేనని ఐతిహ్యం. రకరకాలు ఇచ్చి వండమంటే, ఆడవాళ్లు పొలుసు లేనివి పక్కకి తీసేశారట.

మటన్ అయితే రక్తం పోవడానికి అరగంట నీళ్లలో, గంట దొడ్డుప్పులో, ఆపైన మూడుసార్లు కడగడం. ఉప్పుపట్టేటప్పుడు ముక్కలు ఏటవాలు పలక మీద ఉండాలి, రక్తం కిందికి కారిపోవాలి. పళ్లెంలో పెడితే అందులోనే నానుతుంది, చేసిన పనంతా వృథా. సన్న ఉప్పు కరిగి లోపలికి ఇంకిపోతుంది, అందుకే దొడ్డుప్పు. కాలేయానికి ఉప్పు చాలదు, నిప్పుమీద కాల్చాలి.

కొత్తకుండ:
చిక్ హల్వా ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది? ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

పాకశాస్త్రి:
బయట ఒక రోజు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. ఫ్రీజర్ వద్దు, కరిగాక స్పాంజిలా అయి నీరు వదిలేస్తుంది. ఫ్రిజ్‌లో గట్టిపడితే పొయ్యి మీద పెట్టకండి, అరగంట బయట ఉంచితే కొబ్బరి నూనె మెత్తబడి ముక్క మామూలుగా వస్తుంది. మూత మీద గుడ్డ కట్టండి, లేకపోతే పక్కనున్న ఉల్లిపాయ వాసనంతా దానికే పడుతుంది.